కడుపు నిండా తింటున్నాయి, అయినా తోలుగుడ్లు పెడుతున్నాయి, ఈకలు పోతున్నాయి – మేతలో లోపమా, జబ్బా?

గూటి_దీపం:
అందరికీ నమస్తే అండి. పెరట్లో కొన్ని పెట్టలు, ఒక పుంజు పెంచుతున్నాను. పొద్దున నూకలు, సాయంత్రం మొక్కజొన్న, మధ్యలో ఇంట్లో మిగిలినవి వేస్తాం, ఆబగా తింటాయి, మేత మిగల్చవు. కానీ కొన్ని వారాలుగా గుడ్లు బాగా తగ్గిపోయాయి, వచ్చేవి కూడా పెంకు పలచగా ఉండి చేత్తో తీస్తుంటేనే చిట్లిపోతున్నాయి, మధ్యమధ్యలో పెంకే లేని తోలుగుడ్లు. ఒక పెట్టకి వీపు మీద ఈకలన్నీ పోయాయి, మిగతావి దాన్ని పొడుస్తున్నాయి. ఇంకో పెట్ట నిన్నటి నుంచి లేచి నిలబడలేకపోతోంది, కూర్చున్న చోటే కూర్చుంటోంది కానీ మేత దగ్గర పెడితే తింటోంది. తెలిసినాయన ఒకరు నీళ్ళలో యాంటీబయాటిక్ కలిపి పట్టు, అన్నీ సర్దుకుంటాయి అన్నారు. కలపమంటారా? ఇన్ని రకాల ఇబ్బందులు ఒకేసారి రావడం చూస్తే భయంగా ఉంది, ఏదైనా తెగులు తగిలిందేమో అని.

మేత_లెక్క:
యాంటీబయాటిక్ ఇప్పుడే వద్దండి. ముందు మీరు పెట్టే మేత లెక్క ఒకసారి చూద్దాం.

గుడ్లు పెట్టే పెట్ట రోజుకి సుమారు 100 నుంచి 120 గ్రాముల మేత తింటుంది. ఒక గుడ్డు పెంకులో దాదాపు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది, పెంకంతా దాదాపు కాల్షియం కార్బొనేటే. తిన్న కాల్షియంలో సగమో కాస్త ఎక్కువో మాత్రమే ఒంటికి పడుతుంది కాబట్టి రోజుకి 4 గ్రాముల దాకా కడుపులోకి వెళ్ళాలి. 100 గ్రాముల మొక్కజొన్నలో కాల్షియం 50 మిల్లీగ్రాములు కూడా ఉండదు, నూకలదీ అదే పరిస్థితి. అంటే మీ పెట్ట రోజంతా కడుపు నిండా తిన్నా పెంకుకి కావాల్సిన దాంట్లో పిసరంత కూడా దొరకట్లేదు. మరి ఇన్నాళ్ళూ గుడ్డు ఎలా పెట్టింది అంటే, దాని ఎముకల్లోంచి తీసి పెట్టింది. పెట్టలకి కాలి ఎముకల లోపల గుడ్డు కోసమే కాల్షియం దాచుకునే ఒక ప్రత్యేకమైన ఎముక ఉంటుంది, అది కరిగిపోయాక అసలు ఎముక కూడా కరగడం మొదలవుతుంది. మీ పెట్ట నిలబడలేకపోవడానికి ఇదే కారణం అయి ఉండే అవకాశం చాలా ఉంది.

ఇంక ప్రొటీన్. గుడ్లు పెట్టే కోళ్ళకి అమ్మే లేయర్ ఫీడ్‌లో 16 నుంచి 18 శాతం ప్రొటీన్ ఉంటుంది, మొక్కజొన్న, నూకల్లో 8, 9 శాతం దగ్గరే ఆగిపోతుంది. ఒక గుడ్డులోనే 6 గ్రాముల ప్రొటీన్ బయటికి పోతుంది కదా, మీ మేతలో రోజంతా కలిపి వచ్చేది 9 గ్రాములు, దాంట్లోనూ లైసిన్, మెథియోనిన్ అనే ముఖ్యమైన అమైనో ఆమ్లాలు తక్కువ. ఈక అంటే ముప్పాతిక పైగా ప్రొటీనే, అందులో గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు ఎక్కువ కావాలి. అవి దొరక్కపోతే ఈక సరిగ్గా రాదు, పైగా పక్క కోళ్ళ ఈకలు పీక్కుని తినడం మొదలుపెడతాయి. ఉప్పు అంటే సోడియం తక్కువైనా ఇలాగే పొడుచుకుంటాయి. మీరు చెప్పిన మూడు ఇబ్బందులూ ఒకే చోట నుంచి వస్తున్నట్టు నాకైతే అనిపిస్తోంది.

పల్లె_పుంజు:
నాకు ఒక్కటి సమజ్ కాదు అన్నా. మా తాత కాలంల ఎవరన్న కోళ్ళకు దాణా కొన్నరా? పొద్దుగాల గూడు తలుపు తీస్తే పొద్దుగూకేదాక అవే తిరిగి తిని వచ్చేటివి, మనం ఏసేది పిడికెడు గింజలు. మంచిగనే బతికినయి, పిల్లలను చేసినయి, గుడ్డు పెంకు రాయి లెక్క ఉండేది. ఇప్పుడేమో ప్రొటీన్ శాతం, కాల్షియం శాతం అంటున్నరు. ఇవన్నీ కంపెనీలోళ్ళు దాణా అమ్ముకోడానికి చెప్పే మాటలు గావా?

మేత_లెక్క:
అన్నా మీ తాతగారి కోళ్ళ సంగతి నిజమే, అందులో నాకు అనుమానం లేదు. కానీ అవి తిన్నది పిడికెడు గింజలు మాత్రమే అనుకోవద్దు. రోజంతా తిరిగిన కోడి పురుగులు, వానపాములు, చెదలు, లేత గడ్డి, కలుపు విత్తనాలు, నత్త గుల్లలు, ఇసుక రాళ్ళు, అన్నీ ఏరుకుని తింటుంది. పురుగుల్లో మంచి ప్రొటీన్, ఆకుల్లో విటమిన్లు, గుల్లల్లో కాల్షియం, ఎండలో తిరగడం వల్ల విటమిన్ డి3. మీరు వేసే గింజలు దానికి శక్తి కోసం పై మేత మాత్రమే. ఇప్పుడు చాలామంది పెరటి కోళ్ళు ఒక మూల కంచె లోపల ఉంటాయి, కొన్నాళ్ళకే అక్కడ గడ్డి పరక ఉండదు, నేలంతా గట్టిపడిపోతుంది, పురుగు అనేది కనపడదు. అక్కడ పెట్టి పిడికెడు గింజలే వేస్తే ఆ తాతగారి పద్ధతిలో సగమే చేసినట్టు.

రెండో సంగతి జాతి. కోళ్ళకి మూలమైన అడవి కోడి ఏడాదికి 10, 15 గుడ్లు పెడుతుంది అంతే. మామూలు నాటు పెట్ట కొన్ని గుడ్లు పెట్టి పొదుగుడుకి కూర్చుంటుంది, ఆ సమయంలో ఒళ్ళు మళ్ళీ కూడగట్టుకుంటుంది. గుడ్ల కోసం తయారు చేసిన జాతులు ఏడాదికి 300 దాకా పెడతాయి, పొదుగుడు అనేదే మర్చిపోయాయి. వాటి ఒళ్ళు ఆగమన్నా ఆగదు, మేతలో లేకపోతే ఎముకలోంచి, కండలోంచి తీసి అయినా గుడ్డు పెడుతుంది, చివరికి అదీ కుదరనప్పుడే ఆగుతుంది. అందుకే మనకి బయటికి తెలిసేసరికి ఆలస్యం అయిపోతుంది.

పల్లె_పుంజు:
గట్లయితే ఒప్పుకుంట. నాయి నాటు కోళ్ళే, చేను మొత్తం తిరుగుతయి. కానీ కంచెల పెట్టినోళ్ళకు మీరు చెప్పింది కరెక్టే.

పక్షి_నాడి:
నేను పక్షుల క్లినిక్‌లో పని చేస్తాను, గూటి_దీపం గారూ మీ నిలబడలేని పెట్ట గురించి ముందు చెప్పాలి. అది ఈరోజు పని, రేపటికి వాయిదా వేయకండి. దాన్ని వేరు చేసి మెత్తటి గడ్డి మీద పెట్టండి, నీళ్ళు మేత ముక్కుకి అందేలా ఉంచండి, పుంజు, మిగతా పెట్టలు దాని మీదికి రాకుండా చూడండి. పొట్ట కింద భాగం నెమ్మదిగా తాకి చూడండి, గుడ్డు అడ్డుపడిందేమో, ఎందుకంటే కాల్షియం తగ్గితే ఎముకలే కాదు, గుడ్డుని బయటికి తోసే కండరం కూడా బలహీనపడుతుంది. వీలైతే ఈరోజే వెట్ డాక్టరుకి చూపించండి, కాల్షియం ఎంత, ఏ రూపంలో ఇవ్వాలో ఆయన చెప్తారు. త్వరగా పట్టుకుంటే ఇలాంటి పెట్టలు చాలావరకు లేచి తిరుగుతాయి, వెన్నెముక విరిగేదాకా వస్తే మాత్రం కష్టం.

అలాగే మేత వల్లే అని మనమే తీర్పు ఇచ్చేసుకోకూడదు. ఒక కాలు ముందుకి ఒక కాలు వెనక్కి చాచి పడిపోతే మారెక్స్ అనే నరాల వైరస్ జబ్బు అనుమానించాలి. మెడ తిరిగిపోయి, ఆకుపచ్చ విరేచనాలు, గురక శబ్దం, ఒకటి తర్వాత ఒకటి పడిపోవడం ఉంటే కొక్కెర తెగులు (రాణీఖేత్). పెంకు ముడతలు పడి, తెల్లసొన నీళ్ళలా ఉంటే ఇన్‌ఫెక్షియస్ బ్రాంకైటిస్ అనే శ్వాసనాళాల వైరస్ జబ్బు కావచ్చు. నులిపురుగులు ఎక్కువ ఉన్నా కోడి తింటూనే బక్కచిక్కిపోతుంది, అప్పుడు ఎంత మంచి మేత పెట్టినా పురుగులే తినేస్తాయి. లోపం వల్ల వచ్చేవి సాధారణంగా నెమ్మదిగా, ఒకే మేత తినే కోళ్ళన్నిటిలో కొద్దికొద్దిగా కనిపిస్తాయి, బాగా గుడ్లు పెట్టే పెట్టే ముందు పడిపోతుంది. జ్వరం ఉండదు, మేత మీద ఆశ ఉంటుంది. మీరు చెప్పిన దాంట్లో ఇవి సరిపోతున్నాయి కానీ డాక్టరు చెయ్యి పడాల్సిందే.

గూటి_దీపం:
చాలా థాంక్స్ అండి, సాయంత్రమే తీసుకెళ్తున్నాను. గుడ్డు అడ్డు పడినట్టు అయితే లేదు, రొమ్ము ఎముక మాత్రం కత్తిలా చేతికి తగులుతోంది, ఈకల వల్ల ఇంత సన్నబడిందని పైకి అసలు తెలియలేదు. ఒక డౌట్, కాల్షియం కోసం గుడ్డు పెంకులే పెట్టొచ్చా? పెడితే గుడ్లు తినడం అలవాటు అవుతుంది అంటారు కదా?

రెక్కల_సడి:
పెట్టొచ్చు అక్కా, నేను ఎప్పటినుంచో పెడుతున్నా. పెంకులు బాగా ఎండబెట్టి లేదా వేడి చేసి గుడ్డు ఆకారం గుర్తు పట్టకుండా ముక్కలు చేసి వేరే గిన్నెలో పెట్టు. పిండి చేయొద్దు. అది మాత్రమే చాలదు కాబట్టి ఆల్చిప్పల ముక్కలు, అంటే షెల్ గ్రిట్ కూడా పెట్టు, ఎంత కావాలో పెట్టే చూసుకుని తింటుంది, ముఖ్యంగా సాయంత్రం పూట దాని దగ్గరికి వెళ్ళడం నువ్వే గమనిస్తావు.

మేత_లెక్క:
సాయంత్రం తినడానికి కారణం ఉంది. గుడ్డు తయారవడానికి మొత్తం 24 నుంచి 26 గంటలు పడితే అందులో 20 గంటల దాకా పెంకు కట్టడానికే పోతుంది, ఆ పని ఎక్కువ భాగం రాత్రి కోడి మేత తినని వేళ జరుగుతుంది. పిండిలా ఉన్న సున్నపురాయి త్వరగా కరిగి వెళ్ళిపోతుంది, ముక్కలుగా ఉన్నది కందనకాయలో నిలబడి రాత్రంతా కొద్దికొద్దిగా కరుగుతుంది. అందుకే ముక్కలు ఉండాలి. వేరే గిన్నెలో పెట్టడం ఎందుకంటే పుంజుకీ, గుడ్లకి రాని పిల్లలకీ అంత కాల్షియం అక్కర్లేదు. ఇంకోటి, మామూలు రాళ్ళ గ్రిట్ వేరు, షెల్ గ్రిట్ వేరు. మొదటిది కందనకాయలో గింజలు నూరడానికి, అది కరగదు. కట్టేసి పెంచే కోళ్ళకి గింజలు, గడ్డి పెడుతుంటే ఆ చిన్న రాళ్ళు కూడా ఉండాల్సిందే, లేకపోతే గింజ అరగదు, పొడవాటి గడ్డి మేత సంచిలో ఉండ కట్టి కూర్చుంటుంది.

కొత్త_రెక్కలు:
ఈ చర్చలోనే అడుగుతున్నా, క్షమించండి. నా దగ్గర చిన్న పిల్లలు ఉన్నాయి, పుట్టినప్పటి నుంచి తెల్ల నూకలే పెడుతున్నాం ఎందుకంటే చిన్న ముక్కుకి అవే సులువు అని. ఇప్పుడు రెండు పిల్లలు తల వెనక్కి విరిచి ఆకాశం వైపు చూస్తూ కూర్చుంటున్నాయి, ఇంకో పిల్ల కాలి వేళ్ళు లోపలికి ముడుచుకుని మడమల మీద నడుస్తోంది. టీకా వేయించాను. ఇది కూడా మేత వల్లేనా?

పక్షి_నాడి:
టీకా వేసినా వెట్ డాక్టరుకి చూపించి కొక్కెర తెగులు కాదని తేల్చుకోండి, అది ముందు. అది కాకపోతే మీరు చెప్పిన రెండూ బి విటమిన్ల లోపానికి పుస్తకంలో రాసినట్టు సరిపోతాయి. తల వెనక్కి వాలి ఆకాశం చూడటం బి1 అంటే థయమిన్ తక్కువైనప్పుడు, వేళ్ళు ముడుచుకుపోవడం బి2 అంటే రైబోఫ్లావిన్ తక్కువైనప్పుడు. మొదట్లోనే ఇస్తే బి1 కి చాలా త్వరగా, ఒక్కోసారి గంటల్లోనే తేడా తెలుస్తుంది, వేళ్ళు ముడుచుకున్నది ఎక్కువ రోజులు వదిలేస్తే మాత్రం నరం శాశ్వతంగా పాడవుతుంది. బి కాంప్లెక్స్ నీళ్ళలో కలపండి, తాగలేని పిల్లకి చుక్కలుగా ముక్కు పక్కన పెట్టి మింగనివ్వండి, ఈరోజే చిన్న పిల్లల దాణా అయిన చిక్ స్టార్టర్‌కి మార్చండి.

పాలిష్ పట్టిన బియ్యం, కోళ్ళు, ఈ జబ్బు, ఈ మూడింటికీ పెద్ద చరిత్ర ఉంది. క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్ డాక్టరు జావా దీవిలోని బటావియాలో, ఇప్పటి జకార్తా, బి1 తక్కువై మనుషుల్లో వచ్చే బెరిబెరి జబ్బు మీద పని చేస్తున్నాడు. 1890ల మాట. ఏదో క్రిమి వల్ల వస్తుందని వెతుకుతుంటే ఆయన ల్యాబ్ కోళ్ళకి కాళ్ళు పడిపోవడం మొదలైంది, క్రిమి ఎక్కించిన వాటికీ ఎక్కించని వాటికీ ఒకేలా. కొన్నాళ్ళకి వాటంతటవే బాగైపోయాయి. ఆరా తీస్తే తెలిసింది ఏంటంటే మధ్యలో కొంతకాలం కోళ్ళకి సైనిక ఆసుపత్రి వంటగదిలో మిగిలిన పాలిష్ బియ్యపు అన్నం పెట్టారు, తర్వాత వంటమనిషి మారి, సైనికుల బియ్యం కోళ్ళకి ఇవ్వను అన్నాడు, దాంతో మళ్ళీ పాలిష్ పట్టని బియ్యానికి వచ్చారు, కోళ్ళు లేచాయి. బియ్యం పై పొరలోనే ఏదో ఉందని అలా బయటపడింది, విటమిన్లు అనేవి ఉన్నాయని ప్రపంచానికి తెలిసే దారిలో అది పెద్ద మలుపు, 1929లో ఆయనకి నోబెల్ కూడా ఇచ్చారు. మీ పిల్లల్ని చూస్తుంటే నాకు అదే గుర్తొచ్చింది, వందేళ్ళు దాటినా తెల్ల నూకల మీదే పెరిగే పిల్లలు ఇంకా క్లినిక్‌కి వస్తూనే ఉన్నాయి, చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

ఇంకో మాట, రక్తపారుడుకి (కాక్సిడియోసిస్) వాడే ఆంప్రోలియం మందు పని చేసేదే బి1 ని అడ్డుకుని. అవసరం అయితే వాడాలి కానీ చెప్పిన మోతాదు, చెప్పిన రోజులే. ఏదైనా వస్తుందేమో అని నెలల తరబడి నీళ్ళలో కలిపితే పిల్లకే బి1 తక్కువైపోతుంది.

కొత్త_రెక్కలు:
చాలా సంతోషం అండి. ఇంట్లో పెద్ద కోళ్ళ లేయర్ ఫీడ్ ఉంది, స్టార్టర్ దొరికేదాకా అది పెట్టొచ్చా?

మేత_లెక్క:
వద్దండి! లేయర్ ఫీడ్‌లో కాల్షియం 3.5 నుంచి 4.5 శాతం ఉంటుంది, పిల్లలకి కావాల్సింది 1 శాతం దగ్గర. ఆ ఎక్కువ కాల్షియం అంతా మూత్రపిండాల మీద పడుతుంది, వాటిల్లో రాళ్ళు కట్టి, యూరేట్ అనే మూత్రపు ఉప్పు తెల్లగా సున్నం పూసినట్టు గుండె మీద, కాలేయం మీద పేరుకుంటుంది, గౌట్ అంటారు. బయటికి ఏమీ తెలియదు, పిల్ల నెమ్మదిగా ఎదగడం ఆగిపోతుంది, కొన్ని నెలల తర్వాత చచ్చిపోతుంది. ఒకటి రెండు రోజులకి ఏమీ అవ్వదు గానీ అలవాటు చేయొద్దు. స్టార్టర్ వచ్చేదాకా ఉడికించిన గుడ్డు మెత్తగా చిదిమి, పసుపు మొక్కజొన్న రవ్వతో కలిపి పెట్టండి. లేయర్ ఫీడ్ మొదలుపెట్టేది 18 వారాల వయసు దగ్గర, లేదా మొదటి గుడ్డు కనపడ్డాక.

పెద్దవీ చిన్నవీ కలిసి ఒకే తొట్టిలో తినే చోట అందరికీ గ్రోయర్ (ఎదిగే కోళ్ళ దాణా) పెట్టి షెల్ గ్రిట్ పక్కన విడిగా పెట్టడమే మంచి దారి.

పెట్ట_ప్రేమ:
నాది మీ అందరికీ రివర్స్ కేసు. మా పెట్ట బొద్దుగా ఉండేది, గుడ్లు కూడా పెడుతూ ఉండేది, ఎండలు ముదిరాక ఒకరోజు పొద్దున గూట్లో చచ్చి పడి ఉంది, ముందు రోజు దాకా ఏ జబ్బూ లేదు. తురాయి మాత్రం పాలిపోయి ఉంది. దానికి మొక్కజొన్న, బ్రెడ్డు, పొద్దుతిరుగుడు గింజలు అంటే ప్రాణం, అడిగినప్పుడల్లా చేత్తో పెట్టేవాళ్ళం ఇంట్లో అందరం. పాము కరిచిందా అనుకున్నాం కానీ గాటు లేదు. ఇప్పటికీ కారణం తెలియక బాధగా ఉంది.

పక్షి_నాడి:
చాలా బాధ వేసింది అండి చదివి. కోసి చూడకుండా ఖాయంగా చెప్పలేం. కానీ బొద్దు పెట్ట, గింజలు ఎక్కువ, వేసవి, హఠాత్తుగా చావు, పాలిపోయిన తురాయి, ఇవన్నీ కలిస్తే మేం మొదట అనుకునేది కాలేయంలో కొవ్వు పేరుకుని రక్తస్రావం కావడం. పిండిపదార్థం ఎక్కువై ప్రొటీన్ తక్కువైన మేతలో మిగిలిన శక్తంతా కాలేయంలో కొవ్వుగా మారిపోతుంది, కాలేయం పసుపు రంగుకి వచ్చి వేలితో నొక్కితే నలిగిపోయేంత మెత్తబడుతుంది. గుడ్డు పెట్టడానికి ముక్కినప్పుడో, పై నుంచి దూకినప్పుడో అది చిట్లి లోపలే రక్తం కారి పోతుంది. కోసి చూస్తే పొట్టలో పెద్ద రక్తపు గడ్డ, పేగుల చుట్టూ కొవ్వు కనిపిస్తాయి.

అందుకే గింజలు, బ్రెడ్డు, చిరుతిళ్ళు ఏవైనా రోజు మొత్తం మేతలో పదో వంతు దాటకూడదు. పెట్టకి 10, 12 గ్రాములు అంటే ఒక పెద్ద చెంచాడు, అంతే. మీ మిగతా కోళ్ళని చేత్తో పట్టుకుని రొమ్ము ఎముకకి రెండు పక్కలా నొక్కి చూడండి. ఎముక గట్టు తగలాలి, పక్కన కండ నిండుగా ఉండాలి. ఎముక కత్తిలా ఉంటే బక్కది, ఎముకే దొరక్కుండా మెత్తగా ఉండి తోక కింద కొవ్వు దిండులా ఉంటే లావుది. నెలకోసారి ఇది చేస్తే చాలు, తూకం కంటే నమ్మకమైనది.

వాన_చినుకు:
మా కోళ్ళకి కళ్ళ నుంచి నీళ్ళు, తర్వాత చీము లాగా గట్టిపడి కన్ను మూసుకుపోతోంది, నోరు తెరిచి చూస్తే గొంతులో తెల్లటి చిన్న చిన్న పొక్కులు. తెల్ల జొన్నలు, నూకలే మేత, పచ్చిక లేదు. ఇది విటమిన్ ఎ అని ఒక చోట చదివాను నిజమేనా?

పక్షి_నాడి:
కావచ్చు. విటమిన్ ఎ తగ్గితే నోరు, ఆహారనాళం, కన్ను, శ్వాసనాళం లోపలి తడి పొర గట్టిపడి గ్రంథులు మూసుకుపోతాయి, ఆ తెల్ల పొక్కులు అవే. దాని వెనకే సూక్ష్మక్రిములు చేరతాయి. అయితే కోడి మశూచి తడి రకంలోనూ నోట్లో ఇలాగే పొరలు కడతాయి, దాన్ని లాగితే కింద రక్తం వస్తుంది, తురాయి మీద మచ్చలు కూడా వెతకండి. మేత సంగతికి వస్తే పసుపు మొక్కజొన్నలో విటమిన్ ఎ గా మారే కెరోటిన్ ఉంటుంది, తెల్ల గింజల్లో ఉండదు, ముదురు ఆకుపచ్చ ఆకుల్లో బాగా ఉంటుంది. రోజూ గుప్పెడు ఆకులు కట్టగా వేలాడదీయండి, పొడుచుకుని తింటాయి, ఒకదాన్నొకటి పొడుచుకోవడం కూడా తగ్గుతుంది. ఇప్పటికే కన్ను మూసుకుపోయిన వాటికి ఆకులతో పని కాదు, డాక్టరు ఇచ్చే మోతాదులో విటమిన్ ఎ మందే వాడాలి. మనంతట మనం ఎక్కువ పోయకండి, ఎ, డి రెండూ ఒంట్లో నిలవ ఉండే విటమిన్లు, ఎక్కువైతే అవీ హాని చేస్తాయి.

గింజల_గంప:
ఎవరూ అనలేదు కాబట్టి బూజు గురించి నేను రాస్తాను, ఎందుకంటే మా పక్కింట్లో దీని వల్ల చాలా కోళ్ళు పోయాయి. మనుషులకి పనికిరాని తడిసిన మొక్కజొన్న, బూజు పట్టిన వేరుశనగ చెక్క కోళ్ళకి వేద్దాంలే అని చాలామంది అనుకుంటారు, కోడి ఏదైనా అరిగించుకుంటుంది అని ఒక నమ్మకం. ఆ బూజులో ఆస్పర్జిల్లస్ అనే శిలీంధ్రం అఫ్లాటాక్సిన్ అనే విషం చేస్తుంది, అది నేరుగా కాలేయాన్ని కొడుతుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకి పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోతే కారణం దొరక్క ఎక్స్ జబ్బు అని పేరు పెట్టారు, చివరికి దాణాలో కలిపిన వేరుశనగ చెక్కలో ఈ విషం ఉందని తేలింది. ఎండబెట్టినా వండినా బూజు కనపడకుండా పోతుంది గానీ విషం చాలావరకు అలాగే ఉంటుంది. తక్కువ మోతాదులో అయితే చావవు, గుడ్లు తగ్గుతాయి, ఒళ్ళు పాలిపోతుంది, టీకా వేసినా సరిగ్గా పట్టదు, ప్రతి చిన్న జబ్బుకీ పడిపోతాయి. గింజ కొరికితే టక్ మని విరగాలి, తేమ 12, 13 శాతం దాటకూడదు, సంచి నేల మీద గోడకి ఆనించి పెట్టొద్దు.

ఇంట్లో మిగిలినవి వేసేవాళ్ళు కూడా పులిసినవి, కుళ్ళినవి, ఉప్పు ఎక్కువ ఉన్నవి వేయొద్దు. అవకాడో, చాక్లెట్, ఆకుపచ్చగా మారిన బంగాళదుంప, ఉడకని ఎండు చిక్కుడు గింజలు అసలే వద్దు. కుళ్ళిన మాంసం మీద పురుగులు తింటే మెడ వాలిపోయి చచ్చిపోతాయి, బాట్యులిజం అది.

పల్లె_పుంజు:
మంచి ముచ్చట చెప్పినవ్ తమ్మీ. మా దిక్కు చెడిపోయిన మక్కలన్నీ కోళ్ళకే పోతయి. నేను ఇయ్యాల్టి సంది ఏసుడు బంద్. ఇంగో, ఇంట్లనే దాణా కలుపుకుందామంటే లెక్క చెప్తరా మేత_లెక్క అన్నా?

మేత_లెక్క:
తప్పకుండా అన్నా. గుడ్లు పెట్టే పెట్టలకి 100 కిలోల లెక్కన చెప్తా. పసుపు మొక్కజొన్న రవ్వ 55, సోయా చెక్క 24, తవుడు 10, సున్నపురాయి 8.5 (అందులో సగం పైగా ముక్కలు, మిగతాది పొడి), డైకాల్షియం ఫాస్ఫేట్ 1.5, ఉప్పు 300 గ్రాములు, మిగతాది లేయర్ విటమిన్ మినరల్ ప్రీమిక్స్, దాని ప్యాకెట్ మీద రాసిన మోతాదులో. ప్రొటీన్ 16, 17 మధ్య, కాల్షియం మూడున్నర పైన వస్తుంది. ఫాస్ఫేట్ మానేయొద్దు, గింజల్లో ఫాస్ఫరస్ ఉన్నా ఎక్కువ భాగం ఫైటేట్ రూపంలో ఉంటుంది, కోడికి సరిగ్గా అరగదు. ఉప్పు, ప్రీమిక్స్ లాంటి చిన్న వాటిని ముందు ఒక కిలో రవ్వలో బాగా కలిపి తర్వాత మొత్తంలో కలపాలి, లేదంటే ఒక కోడికి ఉప్పంతా, ఇంకోదానికి ఏమీ లేకుండా పోతుంది. సోయా చెక్క అంటే వేడి చేసినదే, పచ్చి సోయా గింజలు ప్రొటీన్ అరగనివ్వవు. చెక్క దొరకలేదని పత్తిగింజల చెక్క ఎక్కువ పోయకండి, దానిలోని గాసిపాల్ వల్ల గుడ్డు నిలవ ఉంచినప్పుడు పచ్చసొన ఆకుపచ్చగా, గోధుమ రంగుగా మారుతుంది.

ఒకేసారి కొన్ని నెలలకి సరిపడా కలిపేయకండి. తవుడులో నూనె ఉంటుంది, త్వరగా ముక్క వాసన వస్తుంది, ఆ చెడిన నూనె మేతలో ఉన్న విటమిన్ ఇ ని కూడా తినేస్తుంది. అలాంటి మేత తిన్న పిల్లలకి మెదడు వాచి తల తిరిగిపోయి పల్టీలు కొడతాయి. నెలకి సరిపోయేంత చాలు.

గూటి_దీపం:
అప్‌డేట్ ఇస్తున్నాను. డాక్టరు గారు కాల్షియం ఇచ్చారు, పెట్ట ఇప్పుడు నెమ్మదిగా నిలబడుతోంది, ఇంకా విడిగానే ఉంచాను. మిగతా వాటికి లేయర్ ఫీడ్ తెచ్చాను కానీ పొడిని ముట్టుకోవట్లేదు, కాలితో చిమ్మేసి గింజల కోసం అరుస్తున్నాయి. ఏం చేయాలి? ఈకలు, పెంకు ఎన్నాళ్ళకి బాగవుతాయి?

రెక్కల_సడి:
అరుపుకి కరిగిపోవద్దు అక్కా. పాత మేతలో పావు వంతు కొత్తది కలిపి మొదలుపెట్టి వారం పది రోజుల్లో పూర్తిగా మార్చు. పొడి కాస్త తడిపి ముద్దగా పెడితే ఎగబడి తింటాయి, కాకపోతే ఒక పూటకి సరిపోయేంతే తడుపు, మిగిలితే పులుస్తుంది. గింజలు పొద్దున వేస్తే కడుపు నింపేసుకుని దాణా తినవు, అందుకే పొద్దున దాణా, సాయంత్రం గూటికి వెళ్ళే ముందు మాత్రం కొంచెం గింజలు.

పక్షి_నాడి:
పెట్ట నిలబడిందంటే చాలా సంతోషం అండి. పెంకు త్వరగా తేరుకుంటుంది, కొన్ని రోజుల్లోనే గట్టిపడటం చూస్తారు, వారం రెండు వారాలు దాటినా మారకపోతే మేత కాకుండా వేరే కారణం వెతకాలి. ఎముక మళ్ళీ కూడగట్టుకోవడానికి చాలా ఎక్కువ సమయం కావాలి, పడిపోయిన పెట్టకి కొంతకాలం గుడ్లు రాకపోతేనే మంచిది, కంగారు పడొద్దు. ఈకల విషయంలో, మొదలంటా ఊడిన చోట కొన్ని వారాల్లో కొత్తవి వస్తాయి, మధ్యలో విరిగి మొదలు లోపల ఉండిపోయినవి మాత్రం కోడి మళ్ళీ ఈకలు మార్చేదాకా రావు. ఆ పెట్టని పొడవకుండా కాపాడండి, కొత్త ఈక మొదట్లో రక్తంతో ఉంటుంది, అది చూసి మిగతావి ఇంకా ఎగబడతాయి.

నీళ్ళ సంగతి కూడా చూసుకోండి. కోడి తిన్న మేతకి రెట్టింపు బరువు నీళ్ళు తాగుతుంది, ఎండలకి ఇంకా ఎక్కువ, గుడ్డులో ముప్పాతిక వంతు నీళ్ళే. ఒక్కరోజు తొట్టి ఎండిపోయినా గుడ్లు పడిపోతాయి, కొన్ని పెట్టలు ఈకలు రాల్చడం మొదలుపెడతాయి. దాణాకి మారాక గింజల మీద ఉన్నప్పటి కంటే ఎక్కువ తాగుతాయి, కాబట్టి ఇంకో తొట్టి పెట్టి నీడలో ఉంచండి, బలహీనంగా ఉన్న ఆ ఈకలు లేని పెట్టని మిగతావి తొట్టి దగ్గరికి రానివ్వకపోతే దానికి విడిగా అందేలా చూడండి.